తప్పు కొడితే చప్పట్లా?



ఈ నెల మేము వ్రాయబోవు సంగతి ఒక ఆటను గూర్చినది. సంఘ పత్రికలో ఆట సంగతి యేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లింతురని ఎరుగుదుము. అయినను కొన్ని యేండ్లుగా మా మనస్సులో ముల్లువలె నాటుకొని యున్న ప్రశ్న ఒకటి ఆ ఆటయొద్దనే పుట్టినది గనుక, దానిని మొదటినుండి చెప్పుట మంచిది.

2019 జూలై 14వ తేది ఆదివారము. సాయంకాల కూడిక ముగించుకొని మా సంఘపెద్ద యొకరి యింటికి భోజనమునకు వెళ్లితిమి. పట్టణములో చదువుకొనుచున్న ఆయన కుమారుడు ఆ వారము ఇంటికి వచ్చియుండెను. అరుగుమీద మంచినీళ్ల చెంబునకు సెల్ ఫోను ఆనించి, నలుగురైదుగురు యువకులు దాని చుట్టు చేరియుండిరి. ఆ దినమున ఇంగ్లండులో రెండు గొప్ప ఆటలు ఒక్క వేళనే జరుగుచుండెను. ఒకటి లార్డ్స్ మైదానములో ప్రపంచ కప్పు క్రికెట్టు తుది ఆట. రెండవది వింబుల్డన్‌లో పురుషుల టెన్నిస్ తుది ఆట. మన దేశపు క్రికెట్టు జట్టు అంతకు ముందు బుధవారమే ఓడిపోయినది గనుక పిల్లలకు ఆ కప్పుమీద మునుపటి ఆశ లేదు. కొంతసేపు దానిని, కొంతసేపు దీనిని త్రిప్పి త్రిప్పి, చివరకు టెన్నిస్ యొద్ద నిలిచిపోయిరి. మేమును వారితో కూర్చుంటిమి.

ఆడుచున్నవారు ఇద్దరు. ఒకరు స్విట్జర్లండు దేశస్థుడైన రోజర్ ఫెదరర్. అప్పటికి ఆయనకు ముప్పది యెనిమిదవ యేడు నిండవచ్చెను. రెండవవారు సెర్బియా దేశస్థుడైన నోవాక్ జోకోవిచ్. ఆ మైదానములో సుమారు 15,000 మంది పట్టుదురు. వారిలో బహుమంది ఫెదరర్ పక్షమని కేకలనుబట్టియే తెలియుచుండెను. అరుగుమీద మేమందరమును ఆయన పక్షమే. ఏల అని అడిగినయెడల సరియైన జవాబు మాకు లేదు. వేదాంత కళాశాలలో చదువుకొను దినములనుండి ఆయన పేరు వినుచుంటిమి. ఆట కన్నులకు ఇంపుగా నుండును. వయస్సు మీరినవాడు గెలిచిన బాగుండునని యొక యాశ. అంతకు మించి యేమియు లేదు.

టెన్నిస్ ఎరుగని వారికొరకు ఒక్క మాట. ఈ ఆటలో ప్రతి పాయింటును ఒకడు బంతి వేసి మొదలు పెట్టవలెను. దానిని సర్వీసు అందురు. బంతి వల దాటి ఆవల గీచిన గడిలో పడవలెను. మొదటిసారి తప్పినయెడల రెండవ అవకాశమిత్తురు. అదియు తప్పినయెడల డబుల్ ఫాల్టు. ఎదుటివాడు చేయి కదపకయే పాయింటు అతనిదగును. సర్వీసు వేయువేళ జనులు మౌనముగా నుండుట మర్యాద. ఎవరైనను మాటలాడినయెడల ఎత్తు కుర్చీమీద కూర్చున్న అంపైరు, దయచేసి నిశ్శబ్దముగా నుండుడని హెచ్చరించును. వేలమంది కూర్చున్న చోట బంతి నేలను తాకు చప్పుడు వినబడుట మాకు ఆశ్చర్యము కలిగించినది. మన ఆరాధనలలో కూడ అంతటి నిశ్శబ్దము అరుదు!

అట్టి నిశ్శబ్దములో జోకోవిచ్ వేసిన మొదటి బంతి తప్పినది. అరుగుమీద అందరి ఊపిరి నిలిచినది. రెండవదియు తప్పినది. అంతట అక్కడ లండనులో కేకలు, ఇక్కడ అరుగుమీద కేకలు. మేమును చప్పట్లు కొట్టితిమి.

గోడవారగా నులకమంచముమీద పండుకొనియున్న ఆ యింటి మామ్మ లేచి కూర్చుండెను.

"ఏం చేశాడని అయ్యగారూ, అంత గట్టిగా కొట్టారు?"

"తప్పు కొట్టాడు మామ్మా, రెండు బంతులూ పోయాయి" అని మనుమడు చెప్పెను.

"మీవాడా?"

"కాదు, అవతలివాడు."

"తప్పు కొడితే చప్పట్లా?" అని ఆమె ఆ చిన్న తెరవైపు కొంతసేపు చూచి, "ఆ రెండో అబ్బాయికి అక్కడ ఎవరూ లేరా?" అని అడిగి, జవాబు కొరకు కనిపెట్టక మరల పండుకొన్నది.

ఆ రాత్రి ఆట 4 గంటల 57 నిమిషములు జరిగెను. వింబుల్డన్ తుది ఆటలలో అంత దీర్ఘమైనది అంతకు మునుపు లేదు. అయిదవ సెట్టులో 8-7 యొద్ద ఫెదరర్ సర్వీసు వేయుచు, ఇంకొక్క పాయింటు వచ్చినయెడల గెలుచునన్న స్థితికి రెండుసార్లు చేరి, రెంటిని పోగొట్టుకొనెను. చివరకు జోకోవిచ్ గెలిచెను. విచిత్రమేమనగా మొత్తము పాయింట్లలో ఫెదరర్‌కు 218, జోకోవిచ్‌కు 204. ఎక్కువ పాయింట్లు గెలిచినవాడే ఓడెను. పిల్లలు అన్నము సరిగా తినలేదు. ఆట ముగిసిన తరువాత జోకోవిచ్ చెప్పిన మాట యొకటి మరునాడు చదివితిమి. జనులు రోజర్ రోజర్ అని అరచుచున్నప్పుడు, తన చెవులకు అది నోవాక్ అని వినబడునట్లు మనస్సును త్రిప్పుకొనుచుంటినని ఆయన చెప్పెను. మామ్మ అడిగిన రెండవ ప్రశ్నకు అదియే జవాబు. అచ్చట ఆయనకు తన మనుష్యులు కొద్దిమంది యుండిరి. మిగిలిన వేలమందిని ఆయన తన తలలోనే కల్పించుకొనవలసి వచ్చెను.

ఆ వారములో పెద్దగారి కుమారుడు మాయొద్దకు వచ్చి వాదించెను. "అయ్యగారూ, ఆట అన్నాక ఒకడు గెలవాలంటే ఇంకొకడు ఓడాలి గదా. వాడు తప్పు చేస్తే మనకు పాయింటు వచ్చింది. సంతోషం రాకుండా ఎట్లా ఉంటుంది?" అనెను. అతడు చెప్పినది అబద్ధము కాదు. ఒకని గెలుపు కోరుట రెండవవాని ఓటమి కోరుటయే గదా! ఈ రెంటిని విడదీయగలమా? విడదీయలేనియెడల ఒక ఆటగానిని ప్రేమించుటయే తప్పు కావలెను. అట్లయిన లోకములో ఏ ఆటయు చూడదగినది కాదు. మాకంటె పూర్వము పరిచర్య చేసిన కొందరు బోధకులు ఆ మాటయే చెప్పి బంతిని ముట్టనియ్యలేదు. అది సులువైన మార్గము. మేము దానిని ఒప్పుకొనజాలము.

మాకు తోచినది ఇది. సంతోషము పిలువని చుట్టము. అది వచ్చుట వేరు, దానికి పీట వేసి కూర్చుండబెట్టుట వేరు. ఒకడు చక్కని దెబ్బ కొట్టినప్పుడు చప్పట్లు కొట్టినయెడల, అచ్చట మెచ్చుకొనదగిన పని యొకటి జరిగినది. ఆ పనిని చేసినవాడొకడు కలడు. డబుల్ ఫాల్టునకు చప్పట్లు కొట్టినప్పుడు అచ్చట జరిగిన పని యేది? మనవాడు చేతిలోని రాకెట్టును కదపలేదు. ఒక మనుష్యుని చేయి వణకినది, అంతే. ఆ వణకును చూచి మన చేతులు లేచినవి. ఎదుటివాడు మంచి దెబ్బ కొట్టినప్పుడు లేవని చేయి, వాడు తప్పినప్పుడు లేచినయెడల, మనము ప్రేమించునది ఆటను కాదు. బహుశః మనవానిని కూడ కాదు. పాతకాలపు ఆటమర్యాద ఎరిగినవారు తప్పునకు చప్పట్లు కొట్టరాదని చెప్పుచునే యున్నారు. సామెతల గ్రంథము 24వ అధ్యాయములో జ్ఞాని పగవాడు పడినప్పుడు కూడ సంతోషింపవద్దని బోధించెను. అచ్చటనైన పగవాడు. జోకోవిచ్ మాకేమి కీడు చేసెను? మా పొలము గట్టు త్రవ్వెనా?

ఇంతమాత్రమైన అది ఒక అరుగుమీది చిన్న తప్పని వదలివేయవచ్చును. గాని ఈ సంగతి మనస్సులో పడిన తరువాత పాత ఆటలను గూర్చి చదువుచు, క్రొత్త ఆటలను చూచుచు వచ్చితిమి. ఆ చిన్న తప్పు ఎంత దూరము నడవగలదో చూచి భయపడితిమి.

2018 సెప్టెంబరు 8వ తేదిన న్యూయార్కులో అమెరికా ఓపెన్ స్త్రీల తుది ఆట జరిగెను. ఆ మైదానము టెన్నిస్ మైదానములన్నిటిలో పెద్దది. ఇరువది వేలకు మించి పట్టుదురు. ఒకవైపు అమెరికా దేశపు సెరీనా విలియమ్స్. ఆమె బిడ్డతల్లియై తిరిగి వచ్చి, తన 24వ గొప్ప బిరుదు కొరకు ఆడుచుండెను. రెండవవైపు జపాను పక్షమున ఆడు నవోమి ఒసాకా, ఇరువది యేండ్ల పిల్ల. చిన్ననాటినుండి ఆ సెరీనానే చూచి ఆశపడి ఆట నేర్చుకొన్నది. మొదటి సెట్టు 6-2 అని ఒసాకాయే గెలిచెను. రెండవ సెట్టులో గొడవ మొదలాయెను. సెరీనా బోధకుడు కూర్చున్న చోటునుండి చేతితో సూచనలిచ్చెనని అంపైరు మొదటి హెచ్చరిక చేసెను. తాను మోసము చేయలేదని సెరీనా వాదించెను. తరువాత రాకెట్టును నేలకు కొట్టి విరిచినందుకు ఒక పాయింటు తీసివేసిరి. పిమ్మట అంపైరును దొంగ అని పిలిచినందుకు ఒక గేమే తీసివేసిరి. అంపైరు చేసినది న్యాయమా, మితిమీరినదా అని నేటివరకును వాదము కలదు. ఆ బోధకుడు మాత్రము సూచనలిచ్చిన మాట నిజమేనని తరువాత ఒప్పుకొనెను. ఆ తగవును మనము తీర్చనక్కరలేదు. ఒక్కటి మాత్రము నిశ్చయము: ఆ తగవులో ఒసాకా పాలు ఇసుమంతయు లేదు. ఆమె తన వైపున నిలిచి, వచ్చిన బంతిని కొట్టుచుండెను. రెండవ సెట్టును 6-4 అని గెలిచెను. జపాను పక్షమున ఒక స్త్రీగాని పురుషుడుగాని ఒంటరి ఆటలో అంతటి బిరుదు గెలుచుట అదియే మొదటిసారి.

బహుమానము ఇచ్చువేళ మైదానమంతయు ఈసడింపు కేకలతో మ్రోగెను. ఆ పిల్ల తలమీది టోపీ అంచును ముఖముమీదికి లాగుకొని ఏడ్చెను. అది సంతోషబాష్పము కాదని చూచినవారందరికిని తెలియును. అందరును సెరీనా గెలుపునే కోరిరని తనకు తెలుసుననియు, ఇట్లు ముగిసినందుకు విచారించుచున్నాననియు ఆమె ఆ జనులతో చెప్పెను. గెలిచినందుకు క్షమాపణ! ఇరువది యేండ్ల ఆడపిల్ల తన జీవితములో అంతవరకు కలిగిన గొప్ప దినమున, తాను చేయని తప్పునకు వేలమందిని క్షమాపణ వేడుకొన్నది.

ఆ జనులు దుష్టులా? కారు. వారిలో ఆడపిల్లల తండ్రులు, ఉపాధ్యాయులు, గుడికి వెళ్లువారు ఎందరో యుండియుందురు. వారినడిగినయెడల, మేము ఈసడించినది ఆ పిల్లను కాదు, అంపైరును అని చెప్పుదురు. అప్పుడు అనేకులు అట్లే చెప్పిరి. అది నిజమే కావచ్చును. గాని ఈసడింపునకు చిరునామా యుండదు. ఉత్తరముమీద పేరు వ్రాసినట్లు కేకమీద పేరు వ్రాయలేము. ఎవరి చెవిలో పడిన వారిదే. ఆ వేళ ఆ వేదికమీద నిలిచిన చెవులు ఆ పిల్లవి. ఆ మైదానములోని ఒక్కొక్కరిని ఆమె యెదుట ఒంటరిగా నిలువబెట్టి, ఇప్పుడు అరువుమనినయెడల ఎందరు అరతురు? ఒక్కడును అరవడని మా నమ్మకము. ఒంటరిగా చేయలేని పనిని గుంపులో చేయుదుము. తరువాత ఇంటికి వచ్చి, మన గొంతు ఆ గొంతులలో ఎంత యని సరిపెట్టుకొందుము.

ఇచ్చట సెరీనాను గూర్చి చెప్పకపోయిన అన్యాయమగును. అంత కోపములో, అంత నష్టములో నున్న ఆమె, ఆ పిల్ల భుజముచుట్టు చేయి వేసి, ఇక ఈసడించుట చాలునని జనులను వేడుకొన్నది. కేకలు తగ్గినవి. ఎవరికొరకు అరచిరో ఆమెయే ఆపవలసి వచ్చెను.

ఈసడింపబడినవారు అందరును నిర్దోషులని కాదు. 1999లో పారిస్ నగరములో జరిగిన ఫ్రెంచి ఓపెన్ తుది ఆటలో మార్టినా హింగిస్, స్టెఫీ గ్రాఫ్‌తో ఆడెను. హింగిస్‌కు పదునెనిమిదేండ్లు. ఒక బంతి గీత దాటినదని తీర్పు చెప్పినప్పుడు ఆమె ఒప్పుకొనక, వలకు ఆవలి వైపునకు నడిచి వెళ్లి మట్టిమీది గుర్తును చూపించెను. అది నియమవిరుద్ధము, ఒక పాయింటు పోయినది. అంతటినుండి పారిస్ జనులు ఆమెమీదికి తిరిగిరి. గెలుపు చేరువలోనికి వచ్చియు ఆమె ఓడిపోయి, ఏడ్చుచు మైదానము విడిచిపోయెను. తల్లి వెంటబెట్టుకొని తీసికొని వచ్చినప్పుడు గాని బహుమాన సభకు రాలేదు. పదునెనిమిదేండ్ల పిల్ల పొగరుగా ప్రవర్తించినది నిజమే. మన యిండ్లలో ఆ వయస్సు పిల్లలు అంతకంటె తక్కువ చేయుచున్నారా? తప్పునకు శిక్ష ఒక పాయింటు. దానిని అంపైరు వెంటనే విధించెను. మిగిలిన శిక్షను విధించు అధికారము జనులకెవ్వరిచ్చిరి? ఒంటరి ఆటలో ఫ్రెంచి బిరుదు ఆమెకు ఎన్నడును దక్కలేదు. ఈ హింగిసే పదునారేండ్ల తరువాత, 2015లో, మన హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జాతో జతకూడి వింబుల్డన్ జంట బిరుదు గెలిచినది. ఆ దినమున మన దేశములో ఆమె పేరు విని సంతోషించినవారిలో, ఆమె ఏడ్చిన దినము ఎందరికి జ్ఞాపకమున్నదో!

గుంపు తీర్పు తొందరపాటు తీర్పు. దీనికి 2023 వింబుల్డన్‌లో జరిగిన సంగతికంటె మంచి నిదర్శనము మాకు కనబడలేదు. ఉక్రెయిను దేశపు ఎలీనా స్విటోలినా, బెలారుసు దేశపు విక్టోరియా అజరెంకా ఆడిరి. తన దేశముమీద యుద్ధము జరుగుచున్నందున రష్యా, బెలారుసు దేశముల ఆటగత్తెలతో చేయి కలుపనని స్విటోలినా ముందే ప్రకటించియుండెను. ఆట ముగిసినది, స్విటోలినా గెలిచెను. అజరెంకా ఆమె నిర్ణయమును గౌరవించి, వలయొద్దకు రాక, దూరమునుండియే చేయి ఎత్తి, తన సంచి తీసికొని నడచెను. జనులు ఆమెను ఈసడించిరి. చేయి కలుపకపోవుట ఆమె అవమర్యాద యనుకొనిరి! ఎదుటిదాని గాయమును ఎరిగి తొలగినదానిని, ఎరుగనివారు శిక్షించిరి. అపొస్తలుల కార్యముల 19వ అధ్యాయములో ఎఫెసు నాటకశాలలో చేరిన గుంపును గూర్చి చదువుదుము గదా: రెండు గంటలసేపు కేకలు వేసిరి, గాని తాము ఏల కూడివచ్చిరో వారిలో ఎక్కువమందికి తెలియదు. లూకా ఆ మాటను ఎంత నెమ్మదిగా వ్రాసెనో చూడుడు. యెరూషలేములో సిలువ వేయుమని అరచిన గుంపును కూడ కొందరు ప్రసంగీకులు ఇట్టి సందర్భములో తెత్తురు. దానిని ఇచ్చటికి తెచ్చుట మాకు ఇష్టము లేదు. ఆట ఆటయే, దానిని సిలువయొద్దకు ఈడ్చుట మర్యాద కాదు.

అయితే ఆట ఆటగా నిలువని దినము ఒకటి వచ్చినది. 1993 ఏప్రిల్ 30వ తేదిన జర్మనీ దేశములోని హాంబర్గులో మోనికా సెలెస్ ఆడుచుండెను. పందొమ్మిదేండ్లకే ఎనిమిది గొప్ప బిరుదులు గెలిచి లోకములో మొదటి స్థానములో నున్నది. ఆట మధ్య విరామములో కుర్చీమీద కూర్చుండగా, జనులలోనుండి ఒకడు వచ్చి ఆమె వీపులో కత్తితో పొడిచెను. ఆమెతో వానికి ఏ పగయు లేదు. వాడు స్టెఫీ గ్రాఫ్ అభిమాని. సెలెస్ తొలగినయెడల గ్రాఫ్ మరల మొదటి స్థానమునకు వచ్చునని చేసెను. వాడు కోరినట్లే గ్రాఫ్ కొన్ని వారములలో ఆ స్థానమునకు వచ్చెను. ఆ పిల్ల రెండేండ్లకు పైగా ఆట విడిచియుండెను. తిరిగి వచ్చిన పిమ్మట ఇంకొక్క గొప్ప బిరుదు మాత్రమే గెలిచెను. పొడిచినవానికి చెరసాల శిక్ష కూడ అమలు కాలేదు.

గ్రాఫ్ ఆసుపత్రికి వెళ్లి సెలెస్‌ను చూచి వచ్చినది. ఆ గదిలో గ్రాఫ్ మనస్సు ఎట్లుండెనో మేము అనేకసారులు తలంచితిమి. నిన్ను ప్రేమించువాడే నీ పేరిట ఇంకొకరిని పొడుచుట! అటుపిమ్మట తాను గెలిచిన ప్రతి బిరుదునకును ప్రక్కన ఆ కుర్చీ కనబడియుండదా?

ఆ మనుష్యుడు మతిచలించినవాడు, వానితో మమ్మును పోల్చుట న్యాయమా అని పాఠకులు అడుగవచ్చును. న్యాయము కాదు. మా అరుగుమీది చప్పట్లు కత్తి కావు. అయినను వాని కోరిక ఏది? ఎదుటి ఆటగత్తె చేయి ఆడకపోయిన చాలును, మనవారికి పాయింటు చేరును అనునది. ఆ రాత్రి అరుగుమీద మేము కోరినది కూడ అదియే గదా! నడక వేరు, దూరము వేరు. దారి మాత్రము ఒక్కటిగానే కనబడుచున్నది. దీనికి మేము ఎంత ఆలోచించినను ఇంకొక జవాబు దొరకలేదు.

ఈ దారిని పొడిగించునవి ఇప్పుడు రెండున్నవి. ఒకటి మద్యము. 2024లో ఫ్రెంచి ఓపెన్‌లో బెల్జియము ఆటగాడైన డేవిడ్ గోఫాన్, స్థానికుడైన ఆటగానిని గెలిచిన ఆటలో తనమీద ఒకడు నమలిన గమ్ము ఉమ్మెనని చెప్పెను. ఆ తరువాత నిర్వాహకులు కూర్చుండు మెట్లమీద మద్యము త్రాగరాదని కట్టడి చేసిరి. రెండవది పందెము. 2024లో 458 మంది టెన్నిస్ ఆటగాండ్రకు సెల్ ఫోనుల ద్వారా వచ్చిన దూషణలు, బెదిరింపులు సుమారు 8,000 అని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యయు స్త్రీల టెన్నిస్ సంఘమును లెక్క చెప్పినవి. వాటిలో నూటికి 40 పందెము పోగొట్టుకొన్నవారు పంపినవి. పందెము కాయువానికి ఆటగాడు మనుష్యుడు కాడు, కోడి. క్రికెట్టు పందెములలో పొలము కాగితములు తాకట్టుపెట్టిన కుటుంబములను మన ప్రాంతమందే చూచితిమి గనుక ఇంతకంటె వ్రాయనక్కరలేదు.

గుంపు ఎల్లప్పుడు కీడే చేయునని తలంపవద్దు. సెలెస్ పొడువబడిన రెండు నెలలకే వింబుల్డన్ తుది ఆటలో అదే గ్రాఫ్‌తో చెకు దేశస్థురాలైన యానా నొవోత్నా ఆడెను. చివరి సెట్టులో 4-1 ముందుండి, ఇంకొక పాయింటుతో 5-1 కావలసిన చోట డబుల్ ఫాల్టు చేసెను. అటుతరువాత ఆమె చేయి ఇక నిలువలేదు. ఓడి, బహుమానమిచ్చు కెంట్ డచెస్ భుజముమీద తల వాల్చి పసిపిల్లవలె ఏడ్చెను. రాజకుటుంబపు స్త్రీ ఆమెను హత్తుకొని ఓదార్చినది. చూచువారు ఈసడింపలేదు, ఆ ఏడుపును తమదిగా చేసికొని చప్పట్లు కొట్టిరి. అయిదేండ్లకు, 1998లో, ఆమె ఆ బిరుదును గెలిచెను. 2017లో క్యాన్సరుతో కన్ను మూసెను. ఆమె పేరు చెప్పినంతనే లోకము గెలిచిన దినముకంటె ఏడ్చిన దినమునే ముందుగా తలంచును. చప్పట్లు పడిపోయినవారికొరకు కూడ పుట్టవచ్చును గాని, పడిపోవుటకొరకు కాదు. ఈ రెంటికిని మధ్య ఎంత యెడము!

రష్యా దేశపు దానియీల్ మెద్వెదెవ్ సంగతి నవ్వు పుట్టించును. 2019లో న్యూయార్కులో అతడు బంతులందించు పిల్లవాని చేతిలోని తువాలును విసురుగా లాగుకొనగా జనులు ఈసడించిరి. మీ ఈసడింపే నాకు బలము, ఇంకను అరువుడని అతడు వారిని రెచ్చగొట్టెను. తుది ఆటలో నాదాల్‌కు రెండు సెట్లు పోగొట్టుకొని, తిరిగి రెండు గెలిచి, అయిదవదానిలో ఓడెను. వారముక్రిందట ఈసడించినవారే అతని పేరు పెట్టి పాడిరి! 2021లో అదే మైదానమున తుది ఆటలో అతడు జోకోవిచ్‌ను ఓడించెను. ఈసారి జనులు జోకోవిచ్ పక్షము. ఎన్నడును లేని ఆ ప్రేమకు ఆయన తువాలులో ముఖము దాచుకొని ఏడ్చెను. మామ్మ యుండినయెడల సంతోషించియుండును. గాని అదే ప్రేమ, మెద్వెదెవ్ గెలుపునకు ఒక్క పాయింటు దూరమున సర్వీసు వేయుచుండగా అరచి అల్లరి చేసెను. అతని చేయి తప్పి డబుల్ ఫాల్టు పడినది. మైదానమంతయు హర్షించెను. ఒకరికి నూనె రాచిన చేయి ఇంకొకరికి గుంట త్రవ్వినది, అదియు ఒక్క గడియలోనే.

మామ్మ 2022లో ప్రభువునందు నిద్రించెను. మొన్న 2025 జూలై 13వ తేది ఆదివారము రాత్రి మరల ఆ యింటనే యుంటిమి. పెద్దగారి కుమారునికి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగము. తండ్రికి పెద్ద టి.వి. కొని తెచ్చెను. మన గడియారమున ఎనిమిదిన్నరకు వింబుల్డన్ తుది ఆట మొదలాయెను. ఇటలీ దేశపు యానిక్ సిన్నర్, స్పెయిను దేశపు కార్లోస్ అల్కరాజ్. నెల దినముల క్రిందట పారిస్‌లో గెలుపు అంచున నుండి ఓడిన సిన్నర్‌మీద మాకు జాలి కలిగి, ఈసారి ఆయన గెలిచిన బాగుండునని కూర్చుంటిమి. అల్కరాజ్ మొదటి బంతి తప్పినది. గదిలోని పిల్లలు మోకాళ్లమీద లేచిరి. రెండవదియు తప్పినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. పెద్దగారి కుమారుడు మావైపు చూచెను. టి.వి. బల్లను మామ్మ మంచము వేసిన గోడవారనే వేసియున్నారు. మేము చేతులు ఒడిలోనే యుంచుకొంటిమి. లోపల సంతోషము రాలేదని మాత్రము చెప్పజాలము.